ఉన్నా అన్న గొంతు

వరద వచ్చి ఏటి వంతెనను ఎత్తుకుపోయిన మూడో ఏట జరిగింది ఇది. బుధవారం మధ్యాహ్నం మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలకు సిమెంటు మిల్లు పొగగొట్టం మీద నుంచి గాలిపటం పడి చచ్చిపోయాడు. గురువారం పొద్దున తొమ్మిదింటికి మేస్త్రి మిల్లు గేటు దాటి లోపలికి వచ్చాడు. శుక్రవారం ఏడింటికి పని మళ్లీ మొదలవుతుంది. మధ్యలో ఉన్నది ఒక్క రోజు.

గాలిపటం అనేది మనిషికి పెట్టిన పేరు. పొగగొట్టాలు, ట్యాంకులు ఎక్కి రంగులు వేసేవాళ్లలో అంతటి ఎక్కేవాడు లేడు. నూట ఎనభై అడుగుల ఎత్తున పలక మీద కూర్చుని కాళ్లూపుతూ ఈల వేసేవాడు. మేస్త్రి కూడా ఒకప్పుడు అదే పని చేశాడు. తొమ్మిదేళ్ల కింద నలభై అడుగుల నుంచి ఇసక కుప్ప మీద పడ్డాడు. ప్రాణం మిగిలింది గానీ ఎడమ మోకాలు మిగల్లేదు. అప్పటి నుంచి పనివాళ్ల సంఘం తరఫున ప్రమాదాల మీద ఆరా తీస్తున్నాడు. బడి మూడో క్లాసుతో ఆగిపోయింది. మాట అంతకంటే ముందే ఆగిపోయిందని భార్య అంటుంది.

ఈ పనిలో ఇద్దరు మనుషులు. ఒకడు పైకి ఎక్కేవాడు, ఇంకొకడు కింద తాడు పట్టేవాడు. ఎక్కేవాడి నడుముకు ఒక తాడు కడతారు. దాన్ని ప్రాణం తాడు అంటారు. అది పైన ఉన్న కప్పీ మీదుగా కిందికి దిగి, నేలలో పాతిన ఇనుప గుంజకు రెండు చుట్లు తిరిగి, కిందివాడి చేతుల్లోకి వస్తుంది. రెండు చుట్లు ఉంటే పైవాడు జారినా గుంజే ఆపేస్తుంది. పైవాడు కాలు మార్చే ముందు ప్రతిసారీ “ఉన్నావా?” అని పిలవాలి. కిందివాడు చుట్లు చూసుకుని “ఉన్నా” అనాలి. చెయ్యి తీయాల్సి వస్తే “లేను” అనాలి. లేను అంటే పైవాడు కదలడు. అంతే. ఆ రెండు మాటల మీదే ఈ పని నడుస్తుంది.

బుధవారం గాలిపటానికి తాడు పట్టింది నిదానం. శుక్రవారం పొద్దున అదే తాడు కట్టుకుని ఎక్కబోయేది మేస్త్రి కూతురు. అప్పుడూ పట్టేది నిదానమే. నిదానం మేస్త్రికి బావమరిది.

మిల్లు ఆఫీసు గదిలో ఇన్‌స్పెక్టర్ అప్పటికే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

“ఏం మూడో క్లాసు డిటెక్టివూ! నీ కోసమే కేసు మూయకుండా ఆపాను.”

“ఇంకా మూయలేదా సార్? ఒంట్లో బాగాలేదా?”

గుమాస్తా ఒకడు నవ్వబోయి దగ్గాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. వీళ్లిద్దరికీ ఆరేళ్లుగా పడదు. బల్ల మీద ఉన్న కాగితం తీసి ఊపాడు.

“ఇది చూడు. చదవలేవుగా, నేనే చదువుతా. పోయినేడు మనసు డాక్టరమ్మ ఒకావిడ వచ్చి మీ ఎక్కేవాళ్లకీ, తాళ్లు పట్టేవాళ్లకీ నలభై ప్రశ్నలు పెట్టింది. ప్రమాదం అంటే ఎవడికి ఎంత మోజో తేల్చే పరీక్షట. నీ గాలిపటానికి నలభైకి ముప్పై నాలుగు! ‘ఎత్తు నుంచి దూకితే ఎలా ఉంటుందో చూడాలని ఉంటుంది.’ అవును అని టిక్కు పెట్టాడు. చూశాడు కూడా. నీ బావమరిదికి ఎంతో తెలుసా? పదకొండు. అంత నెమ్మదైన మనిషి.”

“గాలిపటం దూకాడని ఎవరు చెప్పారు?”

“అందరూ. పలక మీద నుంచి దూకి తాడుకు వేలాడి ఊగడం వాడికి సరదాట. నిన్న మీ వాడు చుట్టు సరిచేస్తుంటే చెప్పకుండా దూకేశాడు. మీ వాడు చేతులతోనే పట్టి ఆపబోయాడు. ఇదిగో.”

బల్ల మీద ఒక ప్లాస్టిక్ సంచీ పెట్టాడు. లోపల తోలు గ్లౌజులు. అరచేతుల దగ్గర తోలు కాలి నల్లగా ముడుచుకుపోయి ఉంది. మేస్త్రి చెయ్యి చాపాడు. ఇన్‌స్పెక్టర్ సంచీని వెనక్కి లాక్కున్నాడు.

“సాక్ష్యం. కళ్లతో చూడు, చేత్తో కాదు.”

మేస్త్రి కళ్లతోనే చూశాడు. కుడి గ్లౌజు బొటనవేలి దగ్గర ఆకుపచ్చ దారంతో వేసిన కుట్టు కనబడింది. చాలాసేపు చూశాడు. తర్వాత బయటికి వచ్చేశాడు.

“అప్పుడే అయిపోయిందా?” అని వెనక నుంచి ఇన్‌స్పెక్టర్ అరుస్తున్నాడు.

*

పొగగొట్టం మొదట్లో ఇనుప గుంజ ఉంది. పాత గుంజ వరదకు ఒరిగిపోతే కొత్తది పాతారు. నాలుగు రోజుల కిందట దానికి ఎర్ర రంగు వేశారు. వేసింది గాలిపటమే. మిగిలిన రంగుతో కింద చిన్న గాలిపటం బొమ్మ కూడా గీసి పెట్టాడు. తోక కొంచెం వంకరగా ఉంది.

మేస్త్రి మోకాలిని చేత్తో పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. గుంజ మీద రంగు రెండు చోట్ల గుండ్రంగా అరిగి లోపలి ఇనుము మెరుస్తోంది. నాలుగు రోజులు రెండు చుట్ల తాడు తిరిగిన గుర్తులు అవి. వాటి అంచులు వేలితో తడిమాడు. వేలు వాసన చూశాడు. మళ్లీ తడిమాడు.

డెబ్బై కిలోల మనిషి బరువుతో తాడు గుంజ చుట్టూ జారితే పచ్చి రంగు ఉడుకుతుంది. కమిలి, జిగురై, తాడుకు అంటుకుంటుంది. మేస్త్రి అలాంటి గుంజలు నాలుగు చూశాడు. ఇక్కడ కమిలిన మచ్చ ఒక్కటి కూడా లేదు. పక్కన కుప్పగా పడి ఉన్న తాడు ఎత్తి చూశాడు. దానికీ ఉడికి అంటుకున్న ఎర్ర మరక లేదు. నడుము ముడి వేసింది వేసినట్టే ఉంది.

అంటే తాడు జారేటప్పుడు గుంజ మీద రెండు చుట్లూ లేవు, ఒక చుట్టూ లేదు. అసలు తాడు గుంజకే లేదు.

ఇరవై గజాల దూరంలో లారీలు తూచే కాటా గది. అక్కడి గుమాస్తా చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మేస్త్రిని చూసి ఒక చెవిలోది తీశాడు.

“నిన్న నువ్వు ఏమన్నా విన్నావా?”

“దూది మధ్యాహ్నం తీసేస్తానండీ, చెమటకి దురద. వినకేం? రోజూ వినేదే. ఉన్నావా, ఉన్నా, ఉన్నావా, ఉన్నా. మా ఆవిడ కూడా నన్ను అన్నిసార్లు పిలవదు.”

“నిన్న ఎన్నిసార్లు?”

“మూడూ పదికి ఒకసారి. అప్పుడు సున్నపురాయి లారీ వచ్చింది.” గుమాస్తా లారీల పుస్తకం తిప్పి వేలు పెట్టాడు. “మూడూ ఇరవై నాలుక్కి ఖాళీ లారీ. ఈ అంకె రాస్తుంటే ఇంకోసారి పిలిచాడు. ఉన్నావా అని.”

“జవాబు వచ్చిందా?”

“వచ్చిందండీ. ఉన్నా అని. మంచి గట్టిగా. తర్వాత నిమిషం కూడా కాలేదు...” గుమాస్తా పుస్తకం మూసేశాడు. “ఆ చప్పుడు ఇంకా చెవిలోనే ఉందండీ. అందుకే ఇవాళ మధ్యాహ్నం కూడా దూది తియ్యను.”

“ఇది ఇన్‌స్పెక్టర్‌గారికి చెప్పావా?”

“దూకడం చూశావా అని అడిగారు. చూళ్లేదన్నా. విన్నావా అని అడగలేదు కదండీ.”

*

నిదానం సామాన్ల కొట్లో తాళ్లు చుట్టలు చుడుతున్నాడు. ముప్పై ఆరేళ్ల మనిషి. పన్నెండేళ్లప్పుడు తల్లీతండ్రీ పోతే అక్క కాపురమున్న మేస్త్రి ఇంటికి వచ్చాడు. మేస్త్రి తన కంచం పక్కన కంచం పెట్టి పెంచాడు, పని నేర్పాడు, తన ప్రాణం తాడు చేతికిచ్చాడు. నిదానం ఎప్పుడూ పరుగెత్తడు, ఎవరి మీదా గొంతు పెంచడు. అందుకే ఆ పేరు.

“రా బావా. కూర్చో, కాలు నొప్పెడుతుంది.” స్టూలు తుడిచి వేశాడు. “నాకు కంటి మీద కునుకు లేదు.”

కునుకు లేని మొహంలా లేదు అది. అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు నిగనిగలాడుతోంది. కళ్లు కూడా తేటగా ఉన్నాయి.

“చెప్పు. ఏం జరిగింది?”

“ఒక చుట్టు మెలి పడింది. విప్పి సరిచేస్తున్నా. ఇంకో చుట్టు గుంజ మీదే ఉంది. అంతలో వీడు దూకేశాడు. రెండు చేతులా పట్టాను బావా. తాడు కోసుకుంటూ పోయింది. గ్లౌజులు లేకపోతే నా వేళ్లు ఉండేవి కావు.”

“నిన్ను పిలవకుండానే దూకాడా?”

“పిలవలేదు. వాడి సంగతి నీకు తెలీదా? మోజు పుడితే ఆగుతాడా?”

“మెలి పడితే ‘లేను’ అని నువ్వు అరవాలి కదరా.”

చుట్ట చుడుతున్న చేతులు ఒక్క క్షణం ఆగాయి. “అరిచే లోపలే అయిపోయింది బావా.”

మేస్త్రి ఆ చేతుల్నే చూస్తున్నాడు. వేళ్ల కణుపులు, అరచేతి అంచులు, మణికట్టు. ఎక్కడా గీత కూడా లేదు.

“ఆ గ్లౌజులు కొత్తవా?”

“ఆ. మొన్నీమధ్యే కొన్నా.”

తొమ్మిదేళ్లలో మేస్త్రి చాలామంది అబద్ధాలు విన్నాడు. చెమట పట్టేవాళ్లు, గొంతు ఎండేవాళ్లు, చూపు తప్పించేవాళ్లు ఉంటారు. ఇతను చూపు తప్పించలేదు. పైగా మేస్త్రి మొహాన్ని ఆసక్తిగా చూస్తున్నాడు, ఇప్పుడు ఏం జరుగుతుందో చూద్దామని కూర్చున్నవాడిలా.

“రేపు అమ్మలు ఎక్కుతోందిగా,” అన్నాడు నిదానం తాడు చివర దోపుతూ. “నువ్వేం బెంగపడకు. నేనున్నాగా.”

*

డాక్టరమ్మ ఆసుపత్రిలో రెండో అంతస్తులో కూర్చుంటుంది. మేస్త్రి మెట్లెక్కి వచ్చేసరికి రొప్పుతున్నాడు. ఆమె మంచినీళ్లు ఇచ్చింది. ఇన్‌స్పెక్టర్ చెప్పింది విని తల పట్టుకుంది.

“ముప్పై నాలుగు వచ్చినవాడు చావడానికి పుట్టాడని నేనెప్పుడు చెప్పాను? నాకే ఇరవై తొమ్మిది వచ్చాయి. సెలవు దొరికితే సముద్రం అడుక్కి దిగుతా. దిగే ముందు గాలి సిలిండరు మూడుసార్లు చూసుకుంటా. ఇలాంటివాళ్లకి ప్రాణం మీద తీపి లేక కాదండీ. ఆ తీపి నాలిక మీద తెలియాలంటే అంచు దాకా వెళ్లాలి. మామూలు రోజు వాళ్లకి చప్పగా ఉంటుంది. అంతే. మీ గాలిపటం పిలవకుండా దూకేవాడేనా?”

“కాదమ్మా. అందరికంటే గట్టిగా పిలిచేవాడు.”

“చూశారా.”

“మరి పదకొండు వచ్చినవాడు?”

డాక్టరమ్మ ఒక ఫైలు తీసింది. కాసేపు తటపటాయించింది. “ఇవి చూపించకూడదు. కానీ రేపు ఎవరో ఎక్కుతున్నారన్నారు.”

“నా కూతురు.”

ఆమె కాగితం ఆయన వైపు తిప్పింది. “నలభై ప్రశ్నలూ నాలుగు రకాలండీ. రకానికి పది. ఒకటి, ఒంటితో చేసే సాహసం మీద మోజు. రెండు, కొత్త చోట్లూ కొత్త రుచుల మీద మోజు. మూడు, హద్దు దాటి సంబరం చేసుకోవాలనే మోజు. నాలుగోది, విసుగు ఓర్చుకోలేకపోవడం. మీ మిల్లు మేనేజరు టిక్కులు పెట్టిన కాగితం, మొత్తం అంకె చాలు, రకాలు విడిగా వద్దన్నాడు. అదే పంపా. మీ నిదానానికి మొదటి రకంలో సున్నా. రెండో రకంలో ఒకటి. మూడో రకంలో సున్నా. నాలుగోదాన్లో పదికి పది.”

మేస్త్రికి అక్షరాలు కూడబలుక్కోవాలి గానీ అంకెలు వచ్చు. పదిని చూశాడు.

“అంటే?”

“తన ఒంటికి దెబ్బ తగలడం అతనికి బొత్తిగా ఇష్టం లేదు. కానీ ఏమీ జరక్కుండా గడిచే గంట అతనికి నరకం. అలాంటి మనిషిని గుంజ పక్కన రోజుకి ఎనిమిది గంటలు నిలబెట్టారు.” డాక్టరమ్మ ఫైలు మూసింది. “ఒకటి గుర్తుపెట్టుకోండి. ఈ కాగితం ఎవర్నీ హంతకుణ్ని చెయ్యదు. పదికి పది వచ్చినవాళ్లు నా దగ్గరే డజను మంది ఉన్నారు. ఒకాయన రోజూ గోడ గడియారాలు విప్పి మళ్లీ బిగిస్తాడు.”

“గడియారం చాలనివాడు ఉంటే?”

ఆమె ఫైలును సొరుగులో పెట్టి తాళం వేసింది.

“ఒకసారి పెద్ద రుచి చూసినవాడికి తర్వాత చిన్నది ఆనదండీ,” అంది చివరికి.

*

మేస్త్రి ఇంటికి వెళ్లేసరికి నాలుగైంది. భార్య బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కూతురు గుమ్మంలో కూర్చుని రేపటి నడుము పట్టీకి నూనె రాస్తోంది.

“ఏమే, మీ తమ్ముడికి నువ్వు గ్లౌజులు కుట్టిచ్చావే, గుర్తుందా?”

“కుట్టలేదండీ, చిరిగితే బాగుచేశా. బొటనవేలి దగ్గర. నల్లదారం అయిపోతే ఆకుపచ్చది వేశా. ఆడపిల్ల గ్లౌజుల్లా ఉన్నాయక్కా అని ఏడిపించాడు. ఎందుకూ?”

“అవేమయ్యాయి?”

ఆమె చేట పక్కన పెట్టింది. “మీరు పడ్డ రోజే కాలిపోయాయిగా. మిమ్మల్ని ఆపబోయి. చూస్తే మీ మోకాలు గుర్తొస్తోందక్కా అని పొయ్యిలో పడేశానన్నాడు. పిచ్చి వెధవ, వారం రోజులు అన్నం తినలేదు.”

మేస్త్రి తల ఊపాడు. కూతురి వైపు తిరిగాడు.

“రేపు ఎక్కకు.”

“ఏం? గాలిపటం అన్న పోయాడనా?”

“మావయ్య తాడు పడితే ఎక్కకు.”

కూతురు నూనె గుడ్డ విసిరికొట్టింది. “నీకేమైనా మతి పోయిందా నాన్నా? నిన్ను బతికించడానికి చేతులు కాల్చుకున్న మనిషి! నాకు పరీక్షలో ముప్పై మూడు వచ్చాయి, తెలుసా? అన్న కంటే ఒక్కటే తక్కువ. నాకు ఆ పైన గాలి కావాలి. నువ్వు పడ్డావని అందరూ పడరు.”

“అమ్మలూ...”

“కాదు, చెప్పు. మావయ్య ఏం చేశాడు? చెప్పు!”

మేస్త్రి భార్య వైపు చూశాడు. ఆమె ఇంకా తమ్ముణ్ని తలుచుకుని సగం నవ్వు మొహంతోనే ఉంది. మేస్త్రి చెప్పులు వేసుకుని మళ్లీ బయటికి నడిచాడు.

*

సాయంత్రం ఆరింటికి స్టేషనులో ఇన్‌స్పెక్టర్ చొక్కా పై గుండీ విప్పుకుని ఇంటికి బయల్దేరబోతున్నాడు. మేస్త్రి కాటా గుమాస్తా మాటా, గుంజ మీది రంగు సంగతీ చెప్పాడు.

“రంగు, దూది! నీ కేసు బాగుందయ్యా. నా దగ్గర కాలిన గ్లౌజులున్నాయి.”

“చెయ్యి ఇవ్వండి సార్.”

“ఏంటీ?”

“పిడికిలి బిగించండి.”

మేస్త్రి జేబులోంచి మూరెడు తాడు తీసి ఇన్‌స్పెక్టర్ పిడికిలిలో దూర్చి ఒక్క గుంజు గుంజాడు.

“అబ్బా! నీ దుంప తెగ!”

“తెరిచి చూడండి.”

అరచేతిలో ఎర్రటి చార. చూపుడు వేలి మొదలు నుంచి చిటికెన వేలి వైపు, అడ్డంగా.

“పట్టుకున్న తాడు జారితే ఇలా అడ్డంగా కోస్తుంది. ఇప్పుడు గ్లౌజులు తీయండి.”

ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఊదుకుంటూనే సంచీ విప్పాడు. ఇద్దరూ దీపం కిందికి వంగారు. రెండు గ్లౌజుల మీదా కాలిన చార మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా నిలువుగా ఉంది. గ్లౌజును నేల మీద పరిచి, దాని మీద తాడును ముందుకీ వెనక్కీ రాస్తే పడే చార అది.

ఇన్‌స్పెక్టర్ తన అరచేతిని గ్లౌజు పక్కన పెట్టి చూసుకున్నాడు.

“మరి ఇవి కొత్తవి అన్నాడే?”

“ఆ ఆకుపచ్చ కుట్టు మా ఆవిడ వేసింది. తొమ్మిదేళ్ల కింద. నేను పడ్డాక పొయ్యిలో వేశానన్నాడు. వెయ్యలేదు. దాచుకున్నాడు. నిన్న అవసరమొచ్చి తీశాడు.”

“తొమ్మిదేళ్ల కింద... అంటే నీ...”

మేస్త్రి కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. ఇప్పటిదాకా ఈ మాట తనకు తాను కూడా చెప్పుకోలేదు.

“ఆ రోజు కాలు మార్చే ముందు నేనూ పిలిచాను సార్. ఉన్నా బావా అన్నాడు. నాకు బాగా వినపడింది. కిందపడ్డాక, నేనే సరిగ్గా వినలేదేమో అనుకున్నా. తొమ్మిదేళ్లు అలాగే అనుకున్నా. గ్లౌజులు కాలాయని అందరూ చూశారు గానీ, ఎటు కాలాయో ఎవరూ చూళ్లేదు. నేను మంచం మీద ఉన్నా. వాడు నా కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తుంటే, నేనే ఓదార్చా.”

ఇన్‌స్పెక్టర్ మేస్త్రిని మొదటిసారి మీరు అన్నాడు.

“చూడండి, గ్లౌజులు పట్టుకుని కోర్టుకి వెళ్తే, పొరపాటున పాతవి ఇచ్చానంటాడు. నాకు మనిషి మాట్లాడాలి.”

“రేపు ఏడింటికి మాట్లాడతాడు. మీరు ఆరున్నరకే వచ్చి కాటా గదిలో కూర్చోండి. జీపు వద్దు.”

*

మర్నాడు పొద్దున మేస్త్రి చొక్కా లోపల ఒక పొట్టి తాడు కట్టుకున్నాడు. దాని చివర ఇనుప కొక్కెం. మిల్లు గేటు దగ్గర కూతుర్ని ఆపాడు.

“పది నిమిషాలు కాటా గదిలో కూర్చో. కిటికీలోంచి మావయ్య చేతులు మాత్రం చూడు. తర్వాత ఎక్కాలని ఉంటే ఎక్కు. నేను అడ్డు రాను.”

ఆమె కోపంగా చూసింది గానీ వెళ్లింది.

నిదానం గుంజ దగ్గర తాడు సిద్ధం చేసుకుని ఉన్నాడు. చేతులకు కొత్త గ్లౌజులు, ఒక్క మచ్చ కూడా లేనివి.

“అమ్మలేదీ బావా?”

“ఒంట్లో బాగాలేదు. పైన కప్పీ ఒకసారి చూడాలి. నేనే ఎక్కుతా.”

“నువ్వా? ఆ కాలితోనా?” నిదానం నవ్వాడు. తర్వాత నవ్వు ఆగింది. మేస్త్రిని తల నుంచి కాలి దాకా చూశాడు. గొంతు మెత్తబడింది. “తొమ్మిదేళ్లయింది కదూ నీకు తాడు పట్టి.”

“అవును. కట్టు.”

నడుముకు ప్రాణం తాడు నిదానమే కట్టాడు. ముడి చక్కగా వేశాడు. మేస్త్రి ఇనుప నిచ్చెన ఎక్కాడు. ఒక్కో మెట్టుకీ మోకాలు కత్తి దిగినట్టు సలుపుతోంది. నలభై అడుగుల దగ్గర, కింది పలక పక్కన ఆగాడు. ఒంటితో మరుగు చేసి, చొక్కాలోంచి కొక్కెం తీసి మెట్టుకు తగిలించాడు. కింద ఇప్పుడు ఇసక కుప్ప లేదు. కాంక్రీటు.

“ఉన్నావా?”

“ఉన్నా బావా!”

చంక కిందుగా చూశాడు. గుంజకు రెండు చుట్లు ఉన్నాయి. నిదానం రెండు చేతులా తాడు పట్టుకుని ఉన్నాడు. ఒక్క క్షణం మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. నాదే తప్పేమో, ఈ పిల్లాడు ఏమీ చెయ్యలేదేమో అనిపించింది. తప్పు తనదైతే బాగుండునని అంత గట్టిగా ఎప్పుడూ కోరుకోలేదు.

“కాలు లాగేస్తోందిరా. పలక మీదకి మారుతున్నా.” ఊపిరి బిగబట్టాడు. “ఉన్నావా?”

కింద కాస్త ఆలస్యమైంది.

“ఉన్నా!”

గట్టి గొంతు. తొమ్మిదేళ్ల కింద విన్న గొంతే. మేస్త్రి కిందికి చూశాడు. గుంజ మీద చుట్లు లేవు. తాడు నేల మీద వదులుగా పడి ఉంది. నిదానం రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మెడ సాచి పైకి చూస్తున్నాడు. ఆ మొహంలో కోపం లేదు, పగ లేదు. పండగకు కొత్త బట్టల పొట్లం విప్పబోయే పసివాడి మొహం అది. పన్నెండేళ్లప్పుడు ఇంటికొచ్చినప్పుడు కూడా మేస్త్రి వాడి మొహంలో అంత వెలుగు చూడలేదు.

కొక్కెం కిర్రుమంది. మేస్త్రి మెట్టును కౌగిలించుకున్నాడు.

కాటా గది తలుపు దడాలున తెరుచుకుంది. ముందు వచ్చింది ఇన్‌స్పెక్టర్ కాదు, కూతురు. పరుగెత్తుకొచ్చి మావయ్యను భుజంతో తోసేసి, నేల మీది తాడు అందుకుంది. గ్లౌజులు లేవు. వట్టి చేతులతో లాగి గుంజకు ఒక చుట్టు, రెండో చుట్టు తిప్పింది. పాదాలు తన్నిపెట్టి వెనక్కి వాలింది.

“నాన్నా! ఉన్నా! నేనున్నా!”

ఏడుస్తోంది. తాడు మాత్రం కదల్లేదు.

ఇన్‌స్పెక్టర్ నిదానం చెయ్యి పట్టుకున్నాడు. నిదానం పెనుగులాడలేదు.

“ఎందుకు చేశావురా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నిదానం అతనికి చెప్పలేదు. తల పైకెత్తి మేస్త్రికే చెప్పాడు, అన్నం తినేటప్పుడు మాట్లాడినంత మామూలుగా.

“విసుగు బావా. పైన మీకు గాలి, ఆకాశం. నాకు పొద్దస్తమానం ఒక గుంజ. అనరా ఉన్నా, అనరా ఉన్నా. చేతిలో తాడు లేకుండా ఆ మాట అంటే... మొదటిసారి అన్నప్పుడు నీకే అన్నా. ఒళ్లంతా ఝల్లుమంది. అంతకు ముందు నేను బతికున్నట్టే లేదు. గాలిపటం దాకా ఓర్చుకున్నా. తొమ్మిదేళ్లు ఓర్చుకున్నా బావా.”

ఆ చివరి మాట తనను మెచ్చుకోమన్నట్టు అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ నిదానాన్ని గేటు వైపు నడిపించాడు. పది అడుగులు వేశాక నిదానం ఆగాడు. నిగారింపు మొహంలోంచి దిగిపోయింది. చుట్టూ చూశాడు. మిల్లు, ఇన్‌స్పెక్టరు, దూది చేత్తో పట్టుకుని నిలబడ్డ గుమాస్తా. తనవైపు చూడని మేనకోడలు. అప్పుడు భయం వేసినట్టుంది.

“బావా!” అని అరిచాడు. “ఉన్నావా?”

నలభై అడుగుల ఎత్తున గాలి కాస్త గట్టిగా వీస్తోంది. ఇరవై నాలుగేళ్ల కింద ఒక సాయంత్రం, గుమ్మంలో సంచీ పట్టుకుని నిలబడ్డ పన్నెండేళ్ల పిల్లాడు కూడా ఇదే గొంతుతో లోపల ఎవరైనా ఉన్నారా అని పిలిచాడు.

“లేను,” అన్నాడు మేస్త్రి.

కొక్కెం తీసి చొక్కాలో పెట్టుకున్నాడు. కిందికి చూశాడు.

“అమ్మలూ, ఉన్నావా?”

“ఉన్నా నాన్నా.”

కూతురి చేతుల్లోని తాడు మీద బరువంతా వేసి, కుంటి కాలు గాల్లోకి పెట్టాడు.